ఆర్డర్ ఫారం పనిచేస్తోందని కళ్లతో చూసేదాకా డబ్బు మొత్తం ఇవ్వకండి

నిన్ననే బయటపడింది, కోపం ఇంకా తగ్గలేదు. నరసాపురం, పాలకొల్లు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో "తక్కువ రేటుకి వెబ్‌సైట్" అని రోజూ ప్రకటన పెట్టే అతను మీ అందరికీ తెలుసు. పేరు రాయను. మా లేసుల వ్యాపారానికి జాంగోలో (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైటు చేశాడు, డబ్బు మొత్తం తీసుకున్నాడు.

మాకు కావలసిందల్లా మా పనికి సరిపోయే ఆర్డర్ ఫారం. టేబుల్ కవరా, కుషన్ కవరా, ఎన్ని అంగుళాలు, దారం ఏ రంగు, డిజైన్ ఫోటో. 2024లో నరసాపురం లేసుకి జీఐ (ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చాక బయటూళ్ల నుంచి మమ్మల్ని అడిగేవాళ్లు పెరిగారు. ఫోన్లో కొలతలు రాసుకుంటే తప్పులు దొర్లుతున్నాయని ఇది పెట్టించాం.

ఒక్క ఆర్డరూ రాలేదు. అడిగితే "జనం నింపట్లేదండీ, మీరు ప్రచారం చేసుకోవాలి" అన్నాడు. ఈలోగా హైదరాబాద్ నుంచి ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒకావిడ ఫోన్ చేశారు. "ఫారం నింపానండీ, ఆర్డర్ అందింది, ధన్యవాదాలు అని కూడా వచ్చింది. మీరు పలకనేలేదు, వేరేవాళ్లకి ఇచ్చేశాను" అన్నారు. సీతారాంపురం వైపు మాకు అల్లిపెట్టే ఆడవాళ్లు పని ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. అల్లిన ముక్కకి ఇంత అని వాళ్ల కూలి. పని లేకపోతే చేతికి ఏమీ రాదు.

మా పిన్ని కొడుకు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సర్వర్ పాస్‌వర్డ్ మా దగ్గరే ఉంది కాబట్టి వాడితో కోడ్ తెరిపించాం.

ఫోటో పంపే ఫారానికి ఎన్‌టైప్ అనే చోట మల్టీపార్ట్/ఫారం-డేటా అని రాయాలట. రాయకపోతే బ్రౌజర్ ఫోటో పేరు మాత్రమే పంపుతుంది, ఫోటో పంపదు. ఇక్కడ రాయలేదు. ఫోటో తప్పనిసరి అని మాత్రం జాంగోకి చెప్పి ఉంది. దాంతో ఎవరు నింపినా ఈజ్_వ్యాలిడ్ అనే తనిఖీలో ఫారం తప్పిపోతుంది, సేవ్ దాకా వెళ్లదు. ఇంతవరకూ పొరపాటే అనుకుందాం. తనిఖీలో తప్పితే అదే ఫారం మళ్లీ చూపించి, ఏ గడిలో ఏం తప్పో చెప్పాలి. ఆ లైన్లు కోడ్‌లో ఉన్నాయి! వాటి ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఆపేసి, కింద ధన్యవాదాల పేజీకి పంపే లైను రాశాడు. అంటే ఫారం తప్పుతోందని అతనికి తెలుసు. తెలిసీ సరిచేయలేదు, మాకు కనపడకుండా కప్పేశాడు. నింపిన ప్రతి మనిషికీ మా పేరు మీద అబద్ధం వెళ్లింది. ఎవరెవరు నింపారో కనుక్కునే దారి కూడా లేదు. సర్వర్ లాగ్‌లో ఫారం పంపిన టైములున్నాయి, పేర్లూ ఫోన్ నంబర్లూ లేవు.

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాం. "ఫారం సబ్మిషన్ వేరే మాడ్యూల్ అండీ, దానికి వేరే చార్జీ" అన్నాడు. కోడ్ చూశామని చెప్పేసరికి గొంతు మారిపోయింది. "లేసులు అల్లుకునేవాళ్లకి కోడ్ ఎందుకమ్మా? వాట్సాప్‌లో ఫోటోలు పెట్టుకోండి, చాలు" అని పెట్టేశాడు. పక్కనే మా అత్తయ్య ఉన్నారు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి సూది పట్టిన మనిషి. ఒక అల్లిక తప్పితే, కొనేవాళ్లకి తెలియకపోయినా సరే, వరుసంతా విప్పి మళ్లీ అల్లుతారు. ఆవిడ వింటుండగా ఆ మాట అన్నాడు. డబ్బు పోయినదానికన్నా నాకు అదే మంటగా ఉంది.

ఇలాంటి సైట్లు చేయించుకునేవాళ్లు చివరి వాయిదా ఇచ్చేముందు మీ ఫోన్ నుంచే ఒక ఆర్డర్ నింపండి, ఫోటోతో సహా. అది వచ్చిన ఆర్డర్లు మీకు కనపడే అడ్మిన్ పేజీలో వచ్చిందా, ఫోటో తెరుచుకుంటోందా చూడండి. ఒక గడి కావాలని ఖాళీ వదిలి పంపండి. అప్పుడూ ధన్యవాదాలు అనే వస్తే డబ్బు ఆపేయండి. డొమైను, అంటే సైటు చిరునామా, ఎవరి పేరు మీద కొన్నారో కూడా అడగండి. మాది అతని పేరు మీద ఉంది, ఇప్పుడు దాని కోసం మళ్లీ అతన్నే అడగాల్సి వస్తోంది.