బ్యాక్‌గ్రౌండ్ తీయించిన ఫొటోలకు డబ్బు కట్టే ముందు ముదురు రంగు స్లైడ్ మీద పెట్టి చూడండి

నగలో చీరలో అమ్ముకుంటూ బయ్యర్లకు పీపీటీ కేటలాగులు పంపేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. అమీర్‌పేటలో ఒక డిజైన్ షాపులో మా ముత్యాల హారాల ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్ తీయించాం. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. వాళ్ళ స్క్రీన్ మీద చూస్తే హారం ఒక్కటే ఉంది, వెనక ఏమీ లేదు. ఇంటికొచ్చి మెరూన్ స్లైడ్‌లో ఇన్సర్ట్ చేస్తే ప్రతి హారం చుట్టూ తెల్ల డబ్బా! తెల్లారితే బయ్యర్‌తో మీటింగ్. ఆ టెన్షన్ పగవాళ్ళకు కూడా వద్దు.

ఫోన్ చేస్తే "మా సిస్టమ్‌లో బాగానే ఉంది మేడమ్, మీ పవర్‌పాయింట్‌లోనే ఏదో ప్రాబ్లమ్" అన్నారు. అది నిజం కాదు. వాళ్ళిచ్చినవి జేపెగ్ ఫైళ్ళు. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ, అంటే వెనక ఉన్నది కనిపించేలా ఖాళీగా వదిలిన భాగం, అనేదే ఉండదు. ఫొటోషాప్‌లో హారం అంచు వెంట క్లిప్పింగ్ పాత్ (ఎంతవరకు చూపించాలో చెప్పే గీత) గీసి అలాగే సేవ్ చేశారు. ఇన్‌డిజైన్ లాంటి ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పాత్ చూసుకుని బయటి భాగాన్ని దాచేస్తుంది. పవర్‌పాయింట్ దాన్ని పట్టించుకోదు, ఫొటో మొత్తం చూపించేస్తుంది. అంటే బ్రోషర్ అచ్చు వేసేవాళ్ళకు ఇచ్చే ఫైలు మాకు అంటగట్టారు. పీపీటీ కోసమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాం, బిల్లు మీద వాళ్ళే రాశారు కూడా.

గట్టిగా అడిగితే, ట్రాన్స్‌పరెన్సీ ఉండగలిగే పీఎన్‌జీ ఫైళ్ళు పంపారు. అదే తెలుపు. జేపెగ్‌ని తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేసినంత మాత్రాన తెలుపు ఎక్కడికీ పోదు. కొన్నింటిలోనైతే ఖాళీ భాగానికి గుర్తుగా ఫొటోషాప్ స్క్రీన్ మీద చూపించే బూడిద రంగు గళ్ళు ఫొటోలోనే అతుక్కుని వచ్చాయి.

చివరికి వాళ్ళిచ్చిన సలహా, పవర్‌పాయింట్‌లో 'సెట్ ట్రాన్స్‌పరెంట్ కలర్' వాడమని. ముత్యాలకు, వెండికి, తెల్ల చీరలకు దాని జోలికి పోకండి. అది ఎంచుకున్న రంగు ఫొటోలో ఎక్కడున్నా తీసేస్తుంది. ముత్యం మీద తళుక్కుమనే తెల్ల చుక్క పోయి, ఆ చిల్లులోంచి మెరూన్ కనిపించింది. అంచుల్లో మాత్రం పూర్తి తెలుపు కాని చుక్కలన్నీ రవ్వల్లా మిగిలిపోయాయి.

మీ దగ్గర ఇలాంటి జేపెగ్‌లు ఉంటే మళ్ళీ డబ్బు తగలేయకండి. ఫొటోషాప్‌లో తెరిచి పాత్స్ ప్యానెల్ చూడండి. పాత్ ఉంటే కంట్రోల్ పట్టుకుని దాని థంబ్‌నెయిల్ మీద క్లిక్ చేస్తే హారం సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్ జే కొడితే హారం ఒక్కటే కొత్త లేయర్‌లోకి వస్తుంది; కింది లేయర్ దాచేసి, పీఎన్‌జీగా సేవ్ చేయండి. పాత్ బాగా గీసిన ఫొటోలను నేను ఇలాగే కాపాడుకున్నాను.

కొత్తగా చేయించేవాళ్ళు మీ ల్యాప్‌టాప్ షాపుకే తీసుకెళ్ళండి. స్లైడ్‌కి నలుపో ముదురు ఎరుపో వేసి, ఒక్క ఫొటో పెట్టి, అంచులు జూమ్ చేసి చూశాకే డబ్బివ్వండి. తెల్ల స్లైడ్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఫైళ్ళు వాట్సాప్‌లో పంపుతామంటే డాక్యుమెంట్‌గానే పంపమనండి. మామూలు ఫొటోగా పంపితే అది జేపెగ్ అయిపోయి, తీసిన బ్యాక్‌గ్రౌండ్ స్థానంలో ఏదో ఒక రంగు నిండిపోతుంది.

డబ్బు ఇంకా వాపసు రాలేదు. బిల్లు, చాట్ అన్నీ దాచాను. ఈ వారం ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను.