మూడు ఫోన్లు, మూడు దేశాలు: ఏ సిమ్ ఎక్కడ ఆదుకుంది

పారిస్ ఎయిర్‌పోర్టులో సామాను కోసం నిలబడ్డప్పుడు మా ముగ్గురి ఫోన్లదీ తలోదారి. నా ఫోన్‌లో బయల్దేరే ముందే ఎక్కించుకున్న ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే సిమ్) రెండు నిమిషాల్లో సిగ్నల్ అందుకుంది. మావారి ఫోన్ పాత నెంబరు మీదే ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్‌తో నడుస్తోంది. నాన్నది ఈసిమ్ లేని పాత మోడల్, పైగా ఒకటే సిమ్ స్లాటు. ఆయనకి అక్కడి కౌంటర్‌లోనే సిమ్ కొనాలని ముందే అనుకున్నాం. పన్నెండు రోజుల ప్రయాణం: పారిస్, జెనీవా, ఇస్తాంబుల్. మూడు పద్ధతులనూ పక్కపక్కనే పెట్టి చూసే అవకాశం అనుకోకుండా దొరికింది. తిరిగొచ్చాక నాకు గట్టిగా అనిపించింది ఇది: సిమ్ ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది, దిగిన రోజు రాత్రి మనం ఏ తలుపు ముందు నిలబడబోతున్నామన్నది. జీబీల లెక్క ఆ తర్వాతే.

పారిస్‌లో మేం తీసుకున్నది అపార్ట్‌మెంట్. రిసెప్షన్ అంటూ ఏమీ ఉండదు. వీధి తలుపుకి ఒక నెంబరు నొక్కాలి, లోపల తాళంచెవులున్న చిన్న పెట్టెకి ఇంకో నెంబరు. ఆ రెండూ ఇంటి ఓనరు మేం దిగిన సంగతి తెలిశాకే వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. ఎయిర్‌పోర్టు వైఫై చాల్లే, మిగతాది గది కెళ్లాక చూసుకుందాం అనుకుని ఉంటే, రాత్రి పదింటికి ముగ్గురం సూట్‌కేసులతో వీధిలో నిలబడేవాళ్లం. గది వైఫై పాస్‌వర్డు గదిలోనే ఉంటుంది కదా. టాక్సీలో ఉండగానే నాకు రెండు నెంబర్లూ వచ్చాయి. ఆ ఒక్క గంటకే నా ఈసిమ్ డబ్బులు గిట్టాయనిపించింది. హోటల్లో దిగేవాళ్లకి ఈ తొందర లేదు. సెల్ఫ్ చెక్-ఇన్ ఉన్నచోట దిగేవాళ్లు మాత్రం విమానం ఎక్కకముందే డేటా ఏర్పాటు చేసుకోవాలి.

ఈసిమ్ అంటే ఫోన్‌లోనే బిగించి ఉన్న చిప్. మనం కొనేది అందులోకి డౌన్‌లోడ్ అయ్యే ప్రొఫైల్. ఫోన్‌లో *#06# నొక్కితే ఫోన్ గుర్తింపు నెంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే 32 అంకెల నెంబరు కనిపిస్తే ఆ ఫోన్‌లో ఈసిమ్ ఉన్నట్టే. అది ఉన్నా సరిపోదు, ఫోన్ ఏదో ఒక కంపెనీ సిమ్‌తోనే పనిచేసేలా లాక్ అయి ఉండకూడదు. డౌన్‌లోడ్‌కి ఇంటర్నెట్ కావాలి కాబట్టి ఇంట్లో వైఫై మీదే ఆ పని అవగొట్టాలి. చాలా క్యూఆర్ కోడ్‌లు ఒక్కసారే పనిచేస్తాయి. సిగ్నల్ రాలేదని కంగారుపడి ప్రొఫైల్ డిలీట్ చేస్తే అది మళ్లీ రాకపోవచ్చు. గడువు ఎప్పటి నుంచి లెక్కేస్తారో కూడా చూడాలి. కొన్ని ప్లాన్లకి ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచి, కొన్నింటికి ఆ దేశపు నెట్‌వర్క్ అందుకున్నప్పటి నుంచి రోజులు మొదలవుతాయి. నేను రెండో రకమే వెతికి తీసుకున్నాను.

చాలామంది తడబడేది సెట్టింగ్స్‌లో. ట్రావెల్ ఈసిమ్ దాదాపు ఎప్పుడూ ఏదో ఒక విదేశీ కంపెనీ లైనే, అక్కడ అది కూడా రోమింగ్‌లోనే ఉంటుంది. అందుకని ఆ లైనుకి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, మన పాత లైనుకి ఆఫ్‌లో ఉండాలి. ఒక లైను బలహీనపడితే ఇంకో లైను డేటాకి దానంతటదే మారే సౌకర్యం ఫోన్‌లో ఉంటే దాన్నీ ఆపేయాలి. లేకపోతే మనకి తెలియకుండానే పాత లైను మీద బిల్లు పెరుగుతుంది. పాత లైనుని పూర్తిగా ఆపేయకండి. బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి చాలా కంపెనీలు ఏమీ తీసుకోవు. అయినా మీ కంపెనీ సంగతి బయల్దేరే ముందే కనుక్కుని, రోమింగ్ సర్వీసు ఆన్ చేయించుకోవాలి. వాట్సాప్ పాత నెంబరు మీదే ఉంటుంది, డేటా ఏ సిమ్‌దైనా దానికి పట్టింపు లేదు. నెంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనండి.

నాన్న సిమ్ సంగతికొస్తే, కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి, పదిహేను నిమిషాల్లో సిమ్ వేయించుకుని బయటపడ్డాం. నిజం చెప్పాలంటే ముగ్గురిలో ఆయనకే ఇంటర్నెట్ వేగంగా వచ్చింది. నా ఈసిమ్ డేటా వేరే దేశం మీదుగా తిరిగి వచ్చేది. వెతుకుడు పేజీలు ఒక్కోసారి నాకు తెలియని భాషలో తెరుచుకున్నాయి, వీడియో కాల్‌లో మాట అర సెకను వెనకబడింది. నాన్నది నేరుగా అక్కడి లైను కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఈ చుట్టుదారే చైనా వెళ్లేవాళ్లకి వరం. అక్కడి లోకల్ సిమ్‌లో గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. బయటి దేశపు సిమ్‌తో రోమింగ్‌లో ఉంటే మామూలుగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆ డేటా బయటి నుంచే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది.

రెండో రోజు పొద్దున నాన్న ఫోన్ పట్టుకుని వచ్చారు. "అమ్మా, ఇదేదో పిన్ అడుగుతోంది, చూడు." రాత్రి ఆయన ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి పడుకున్నారు. ఫ్రాన్స్‌లో అమ్మే సిమ్‌లకి మామూలుగా పిన్ లాక్ పెట్టే ఉంటుంది, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది. కౌంటర్‌లో అది మాకు చెప్పలేదు. పిన్ ముద్రించి ఉన్న పెద్ద కార్డు ముక్కేమో సిమ్ ఊడదీశాక ఆ కౌంటర్ చెత్తబుట్టలోకే వెళ్లిపోయింది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి, దాన్ని తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది, అదీ ఆ కార్డు మీదే ఉంటుంది. పది తప్పులకి సిమ్ పూర్తిగా పోతుంది. మేం ఊహించి కొట్టకుండా ఆ కంపెనీ దుకాణం వెతుక్కుంటూ వెళ్లాం. పాస్‌పోర్టు చూసి పిన్ ఇచ్చారు, పిన్ అడగకుండా సెట్టింగ్ కూడా మార్చిపెట్టారు. ఒక పూట పోయింది. విదేశంలో సిమ్ కొంటే ఆ కార్డు ముక్కని కౌంటర్ దగ్గరే ఫొటో తీసుకోండి.

పారిస్ నుంచి జెనీవాకి రైల్లో మూడు గంటల పైచిలుకు. సరిహద్దుకి ఇవతల ఫ్రాన్స్‌లో ఉన్న బెల్‌గార్డ్ స్టేషన్ దాటిన కాసేపటికి నా ఫోన్‌లో డేటా ఆగిపోయింది. నేను కొన్నది "యూరప్" ప్లాన్. పేరు చూసి కొన్నాను, దేశాల జాబితా పైనుంచి కిందికి చదవలేదు. అందులో స్విట్జర్లాండ్ లేదు. దీని వెనక ఒక కారణముంది. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్‌ని మిగతా సభ్య దేశాల్లో అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా వాడుకోవచ్చు. నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ కూడా ఆ ఏర్పాటులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ లేదు, బయటికొచ్చేసిన బ్రిటన్‌కీ ఆ నియమం వర్తించదు. ఈ రెండు దేశాలనీ కలపడం, కలపకపోవడం ప్లాన్ అమ్మేవాళ్ల ఇష్టం.

జెనీవాలో హోటళ్లలో దిగేవాళ్లకి ఊరంతా ట్రామ్‌లు, బస్సులు ఉచితంగా ఎక్కడానికి ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఇస్తారు. చాలా మంచి సౌకర్యం, కాకపోతే అది ఈమెయిల్లో వచ్చే లింకు. కోర్నావన్ స్టేషన్ బయట ట్రామ్ ముందు నిలబడితే నా మెయిల్ తెరుచుకోలేదు. అప్పుడు అక్కరకొచ్చింది మావారి రోమింగ్ ప్యాక్. సరిహద్దు దాటినా దానికి ఏ మార్పూ లేదు, హాట్‌స్పాట్ పెడితే కార్డు దిగింది. అంతవరకూ నేను రోమింగ్ ప్యాక్ అంటే దండగ ఖర్చని అనేదాన్ని. ఆ మాట ఇప్పుడు అనను. హోటల్ వైఫై బాగుంది కాబట్టి నాకు కొత్త ప్లాన్ కొనడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. జెనీవా చుట్టూ దాదాపు అంతా ఫ్రాన్సే కాబట్టి ఊరి అంచుల్లో ఫోన్ ఫ్రాన్స్ టవర్లని పట్టుకుంటూ ఉంటుంది. అది చూసి ప్లాన్ పనిచేస్తోందనుకుంటే పొరపాటు, నాలుగడుగులు వేస్తే పోతుంది.

ఇస్తాంబుల్‌కి మాత్రం టర్కీ ఈసిమ్ ముందే కొని ఫోన్‌లో ఎక్కించుకున్నాను. అది తప్పనిసరి అనే చెబుతాను. 2025 జులైలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అంతర్జాతీయ ఈసిమ్‌లు అమ్మే కొన్ని వెబ్‌సైట్లని అడ్డుకుంది. అక్కడికెళ్లాక కొందామంటే సైటు తెరుచుకోకపోవచ్చు. ఎక్కువకాలం ఉండేవాళ్లకి ఇంకో నియమం ఉంది. బయటి నుంచి తెచ్చుకున్న ఫోన్‌లో టర్కీ సిమ్ వేస్తే 120 రోజులే నడుస్తుంది. ఆ తర్వాత రుసుము కట్టి ఫోన్‌ని నమోదు చేయించకపోతే అక్కడి సిమ్‌లకి ఆ ఫోన్‌ని ఆపేస్తారు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు "అన్‌లిమిటెడ్" అన్న మాట చూసి కొనడం. నాన్న పారిస్ సిమ్ ఇక్కడ పనిచేయదు కాబట్టి ఆయన నా హాట్‌స్పాట్ మీదే ఉన్నారు. మధ్యాహ్నం ఆయన ఒక వీడియో కాల్ మాట్లాడారు. ఆ రోజుకి సాయంత్రం నుంచి నా ఫోన్‌లో మ్యాప్ కూడా తెరుచుకోలేదు. షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంది: రోజుకి ఇంత డేటా దాటితే వేగం బాగా తగ్గుతుంది. బజారు సందుల్లో దారి తెలియక చాలా టెన్షన్ పడ్డాం. మర్నాటి నుంచి ఊరి మ్యాప్‌ని పొద్దున్నే గెస్ట్‌హౌస్ వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరాం. ఇన్ని జీబీలు అని సూటిగా చెప్పే ప్లానే నాకు నచ్చింది. మ్యాపులు, మెసేజ్‌లు, ఫొటోలు పంపడం వరకైతే నాకు రోజుకి ఒక జీబీ ఎప్పుడూ దాటలేదు. కొన్ని ప్లాన్లు హాట్‌స్పాట్‌ని ఒప్పుకోవు, కుటుంబంతో వెళ్లేవాళ్లు అది కూడా చూసుకోవాలి.

మళ్లీ ఇలాంటి ప్రయాణమే అయితే నాకు జీబీల లెక్కున్న ఈసిమ్, దేశాల జాబితా వేలు పెట్టి చదివి మరీ. ఒకే దేశంలో నెల పైన ఉండాల్సి వస్తే మాత్రం ఊళ్లోకెళ్లి నింపాదిగా లోకల్ సిమ్ తీసుకుంటాను. ఇల్లు అద్దెకి తీసుకోవడానికైనా, డాక్టరు అపాయింట్‌మెంట్‌కైనా అక్కడి నెంబరు అడుగుతారు, ట్రావెల్ ఈసిమ్‌లలో చాలావాటికి కాల్స్ చేసే నెంబరే ఉండదు.

నాన్న విషయంలోనే నా నిర్ణయం తప్పు. ఆయన ఫోన్‌కి స్లాటు ఒకటే కాబట్టి పారిస్ సిమ్ వేసినప్పుడు పాత సిమ్ తీసేశాం. దాన్ని ఆయన కాగితంలో మడిచి, టేపు వేసి, పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్నారు. ఇంటికొచ్చిన రాత్రి దాన్ని మళ్లీ ఫోన్‌లో వేయగానే ఆగి ఉన్న మెసేజ్‌లు వరసగా వచ్చాయి. అందులో ఒకటి వారం కిందటిది. ఆయన కార్డు మీద అనుమానాస్పద లావాదేవీ జరిగింది, మీరే చేశారా అని బ్యాంకు అడిగింది. నాన్న సోఫాలో కూర్చుని బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించారు. ఆయన లైనులో ఉండగానే వచ్చే ప్రయాణానికి ఆయన పాత నెంబరు మీద రోమింగ్ ప్యాక్ వేయించాలని డైరీలో రాసుకున్నాను.