యాంటీ జాప్ డబ్బా: మూడేళ్లు వాడాక నా మాట
విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న బాడీ షెడ్డు, టిప్పర్ల పనే ఎక్కువ, ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద తోలే బళ్లు వస్తుంటాయి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీకి తగిలించే యాంటీ జాప్ డబ్బా కొని మూడేళ్లయింది. అరచేతిలో పట్టుద్ది, ప్లస్‌కొకటి మైనస్‌కొకటి క్లిప్పు, పెట్టగానే లైటు వెలుగుద్ది. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరితే ఆ దెబ్బ ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ దాకా పోకుండా తనే తినేస్తది.

కొనడానికి కారణం నా బద్ధకమే. ఒక బీఎస్6 బండి, అదే పొగ తగ్గించడానికి సెన్సార్లు పెట్టిన కొత్త రకం, వెనక క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డ దూలం) పగిలి వచ్చింది, మా కుర్రాడు ఎర్త్ క్లాంపు, అంటే వెల్డింగ్ కరెంటు మెషిన్‌కి తిరిగెళ్లే క్లిప్పు, ముందు బంపర్ దగ్గర పెట్టి వెనక వెల్డింగ్ రాడ్డు కొడుతున్నాడు, బ్యాటరీ తియ్యలా, నేను టీ తాగుతా చూస్తానే ఉన్నా. సాయంత్రం తాళం తిప్పితే డాష్‌బోర్డంతా దీపావళి, బండి మాత్రం స్టార్ట్ అవ్వలా. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచే నాక్స్ సెన్సార్ రెండూ పోయినయ్, డబ్బులు నావే. పాత బళ్లకి ఇరవై ఏళ్లు అట్టాగే కొట్టాం, వాటిల్లో పోవడానికి ఏముంది గనక.

ఈ మూడేళ్లలో ఒక్క సెన్సారూ పోలేదు. అది డబ్బా పుణ్యమేనా అంటే గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను, ఎందుకంటే దాంతోపాటే ఎర్త్ పెట్టే పద్ధతి కూడా మార్చా. ఇప్పుడు ఏ ముక్కకి వెల్డింగో ఆ ముక్కకే, జానెడు దూరంలో, పెయింటు గ్రైండర్‌తో తీసేసి మరీ క్లాంపు పెడతాం. ఎర్త్ దూరంగా ఉంటే కరెంటు తనకి దొరికిన దారిన పోద్ది, కమాన్ కట్టలోంచో హబ్ బేరింగ్‌లోంచో పోయిందంటే బేరింగ్ గుళ్లకి మచ్చలు పడతయ్, నెల తర్వాత మోత మొదలైతే వెల్డింగ్ సంగతి ఎవడికి గుర్తుంటది?

ఇంకోటి, పెద్ద పనైతే నేను డబ్బా వాడనే వాడను, తాళం ఆఫ్ చేసి ముందు మైనస్, తర్వాత ప్లస్ తీసేస్తా, ఈసీఎం సాకెట్లు కూడా ఊడదీస్తా. అప్పుడిక డబ్బాకి పనే లేదు కదా. చిన్న బ్రాకెట్టు, బంపర్ ముక్క లాంటి పది నిమిషాల పనులకే ఇది.

డబ్బా ఉందని కుర్రాళ్లకి ధైర్యం ఎక్కువైపోద్ది, నాకు నచ్చనిది అదే. నిప్పురవ్వ పడితే బ్రేకు గాలి పైపులు ప్లాస్టిక్‌వి కాబట్టి కరిగిపోతయ్, పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం ట్యాంకూ అంతే, వాటి మీద తడి గోనెసంచి కప్పాల్సిందే, డీజిల్ ట్యాంకు పక్కన పనైతే ట్యాంకే దించేస్తాం. చాసిస్ ఫ్లాంజ్ (ఫ్రేము పైన, కింద మడిచిన అంచు) మీద వెల్డింగ్ కొట్టమని కొందరు ఓనర్లు పోరతారు, నేను కొట్టను. అది హై స్ట్రెంగ్త్ ఉక్కు, వేడికి అతుకు పక్కనే మెత్తబడి లోడెక్కాక అక్కడే పగుళ్లిస్తది.

డబ్బాలో లోపాలా? క్లిప్పు స్ప్రింగులు ఏడాదికే వదులు, యాసిడ్‌కి పళ్లు తుప్పు, నేనే మార్చుకున్నా. ఆ లైటు బ్యాటరీ తగిలిందనే చెప్పుద్ది, లోపల పార్టు బాగుందో కాలిందో చెప్పదు. కొన్ని 12 వోల్టులకే ఉంటయ్, లారీకి 24 కావాలి, చూసి తీసుకోండి. నాది పాతబడింది, వచ్చే నెల కొత్తది తెస్తా, ఈసారి క్లిప్పులు గట్టివో కాదో నొక్కి చూశాకే.