భీమవరంలో సీపాప్ మాస్కు కొనేవారు ఆగండి, ఇది చదవండి

ఆసుపత్రుల వీధిలో ఆ దుకాణమే. మన చుట్టుపక్కల సీపాప్, అదే నిద్రలో మాస్కులోంచి గాలి పంపే గురక మిషను, వాడేవారికి పేరు చెప్పనక్కర్లేదు, చీటీ పట్టుకుని అందరం వెళ్లేది అక్కడికే. మా వారికి నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది, గాలి ప్రెజర్ 12 పెట్టమన్నారు, కొన్నాం. మిషనుకు వంక పెట్టను. గొడవంతా మాస్కుతోనే.

ముక్కు మాస్కు అంటగట్టారు. మా వారికి నిద్రలో నోరు తెరుచుకుంటుంది. వచ్చిన గాలంతా నోట్లోంచి పోయి, తెల్లారేసరికి నాలుక పిడచకట్టేది. మీసాల దగ్గర సందు వేరే. ఫోను చేస్తే ఒకటే మంత్రం, "పట్టీలు బిగించండి." బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది. ఆ సిలికాన్ మెత్త గాలికి ఉబ్బి ముఖానికి ఆనాలట, మరీ అదిమితే ఇంకా కారుతుందట. ఈ ముక్క డాక్టరు గారు చెప్పారు, అమ్మినవాడు కాదు.

"వారం వాడి చూడండి, నప్పకపోతే మార్చి ఇస్తాం" అన్నారు కదా అని పట్టుకెళ్లాను. కౌంటరు నిండా జనం. అమ్మినవాడు పెట్టె తెరిచి కూడా చూడకుండా, "మాస్కులో తేడా లేదండి, మీ వారి ముఖంలోనే ఉంది తేడా" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు. పాతికేళ్లుగా ఆ ముఖం చూస్తున్నాను, నాకే తెలియలేదు మరి! పైగా ముఖానికి పెట్టుకున్నది వెనక్కి తీసుకోరట, శుభ్రత ముఖ్యమట. పోట్లాడగా పోట్లాడగా ఇంకో 3,000 కట్టించుకుని, ముక్కూ నోరూ కప్పే మాస్కు ఇచ్చాడు.

ఇంటికి వచ్చి విప్పితే, తల పట్టీ అతుక్కునే చోట గోరింటాకు పెట్టిన ఎర్ర వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. మా ఇంట్లో తలకు గోరింటాకు పెట్టేవారే లేరు. మెత్త అంచుకు పచ్చని మరక, పౌడరు వాసన. ఎవరో వాడి వదిలేసినదే! శుభ్రత మా దగ్గర తీసుకోవడానికే అడ్డం వచ్చింది, మాకు అమ్మడానికి రాలేదు. ఫోటో పంపాను, చూశాడు, జవాబు లేదు. బిల్లు అడిగిన రోజు ఎస్టిమేటు చీటీ చేతిలో పెట్టారు, దాని మీద దుకాణం పేరు కూడా లేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి భద్రంగా దాచుకున్నాను, మహా తెలివి!

కొనేవారు అక్కడే మిషనుకు తగిలించి, మీ ప్రెజర్ మీద, పడుకుని చూడండి. కూర్చుంటే అన్నీ సరిపోయినట్లే ఉంటాయి. సీలు మీ ఎదుటే విప్పించండి, మార్చి ఇస్తామన్న మాట బిల్లు మీద రాయించండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు పెడుతున్నాను. వాడి చేతిలో మోసపోయినవారు ఇంకా ఉంటే చెప్పండి, మీరూ పెడితే బలం ఉంటుంది.