బండి వద్దు, రైలుకు పో అన్న తల్లి: 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' చూసినంక

డిసెంబర్ 31 రాత్రి మా క్యాజువాలిటీలో కూర్చోనీకి కుర్చీ కూడ దొరకదు. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 19 ఏండ్ల నుంచి స్టాఫ్ నర్సుగా చేస్తున్న. ఆ రాత్రి పదకొండు దాటిందంటే చాలు, జడ్చర్ల దిక్కు నుంచి, భూత్‌పూర్ దిక్కు నుంచి హైవే మీద బండ్లు పడ్డ పోరగాండ్లను ఒకరెనక ఒకరిని తెస్తనే ఉంటరు. హెల్మెట్ ఇంట్ల మేకుకు వేలాడుతుంటది, తలకాయ ఇక్కడ మా చేతుల్లో ఉంటది. అందుకే మావాడికి ఎప్పుడూ ఒకటే మాట చెప్త: "హైదరాబాద్‌కు బండి మీద పోవద్దు బిడ్డా, కాచిగూడ రైలెక్కు." వాడికి 22 ఏండ్లు. బండి తాళం నా బీరువాలనే ఉంటది.

జనవరి 2న నాకు నైటాఫ్. మావాడు ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టిండు. "అమ్మా, గంటన్నర కూడ లేదు, కూసో" అన్నడు. నిజమే, 85 నిమిషాలే. చూసి వారమైంది, ఇంకా నాలోంచి పోతలేదు. అందుకే రాస్తున్న.

ఇది జరిగిన కథ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లాండ్ పట్నం. 2009 జనవరి 1, తెల్లారుజామున రెండు దాటింది. కొత్త సంవత్సరం పటాకులు చూసి లోకల్ రైల్లో వస్తున్న ఆస్కార్ గ్రాంట్ అనే నల్లజాతి పిల్లగాడిని, అతని దోస్తులను రైల్వే పోలీసులు ఫ్రూట్‌వేల్ స్టేషన్‌లో దింపిన్రు. రైల్లో ఏదో కొట్లాట అయిందని. ప్లాట్‌ఫారం మీద బోర్లా పడేసిన మనిషిని ఒక పోలీసాయన వెనక నుంచి కాల్చిండు. చేతిలో ఏ ఆయుధం లేదు. పొద్దున ఆసుపత్రిలో ప్రాణం పోయింది. 22 ఏండ్లు. నాలుగేండ్ల బిడ్డ ఉన్నది. రైలాగి ఉన్నది, తలుపులు తెరిచి ఉన్నయి, ప్రయాణికులు ఫోన్లలో అంతా తీసిన్రు. సినిమా ఆ అసలు వీడియోతోనే మొదలైతది. అంటే చివరికి ఏమైతదో మొదటి నిమిషంలోనే మనకు తెలిసిపోతది. ఆ తర్వాత దర్శకుడు వెనక్కి పోయి, ఆ పిల్లగాడి చివరి రోజు పొద్దటి నుంచి చూపిస్తడు.

ఆ రోజుల పెద్ద విశేషం ఏమీ లేదు. బిడ్డను బడిలో దింపుతడు. పోగొట్టుకున్న నౌకరీ మళ్ళ ఇయ్యమని సూపర్‌మార్కెట్‌లో మేనేజరును బతిమిలాడుతడు, ఆయన ఇయ్యడు. తల్లి పుట్టినరోజు ఆ రోజే, వంటకు పీతలు కొంటడు. చేపలు ఎట్ల వేయించాల్నో తెలియక నిలబడ్డ ఒకామెకు, తన అమ్మమ్మకు ఫోన్ కలిపి ఇస్తడు. ఈ సీను నాకు మస్తు నచ్చింది. మన కూరగాయల మార్కెట్‌లో కూడా ఇట్లాంటి పిల్లలు ఉంటరు, తెలియనోళ్లకు "అమ్మా, అది తీస్కోకు, ముదిరింది" అని చెప్పేటోళ్లు. ఆస్కార్ పాత్ర చేసిన మైకేల్ బి. జోర్డాన్ నటించినట్టే అనిపించదు. కోపమొస్తే కండ్లు మారిపోతయి, మళ్ళ బిడ్డ కనిపించంగనే పిల్లగాడైపోతడు.

ఆస్కార్‌ను దేవుడిని చెయ్యలేదు. అబద్ధాలాడుతడు, గంజాయి అమ్మినోడు, జైలుకు పోయొచ్చినోడు. కానీ ఒక్కచోట దర్శకుడికి ధైర్యం చాలలేదని నాకనిపించింది. కారు గుద్దిన కుక్కను ఒళ్లో పెట్టుకొని ఏడ్చే సీను ఒకటున్నది. అది నిజంగ జరిగింది కాదు, కథ కోసం కల్పించిందే. నాకు గుచ్చుకున్నది. ఆ పిల్లగాడు మంచోడని నమ్మించనీకి కుక్క ఎందుకు? మంచోడు కాకపోయినా వెనక నుంచి కాల్చొద్దు కద. మా దగ్గరికి వచ్చేటోళ్లల్లో తాగి వచ్చేటోళ్లుంటరు, పెండ్లాన్ని కొట్టి వచ్చేటోళ్లుంటరు. సెలైన్ ఎక్కించెటప్పుడు గుణం అడిగి ఎక్కియ్యం.

దర్శకుడు ర్యాన్ కూగ్లర్‌కు ఇదే మొదటి సినిమా. ఆయన కూడ ఆ ఊరోడే, ఆస్కార్ ఈడోడే. 16 ఎంఎం ఫిల్మ్ మీద, కెమెరా భుజాన వేసుకొని తీసిన్రు. కాల్పుల సీను అదే స్టేషన్‌లో, అదే ప్లాట్‌ఫారం మీద తీసిన్రు. అందుకే రైలు చప్పుడు ఒంట్లోకి వచ్చినట్టుంటది. 2013లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ దీనికే వచ్చినయి.

ఇగ తల్లి గురించి చెప్పాలె. ఆక్టేవియా స్పెన్సర్ చేసింది ఆ పాత్ర. జైల్లో ములాఖత్ సీను ఒకటి వస్తది. కొడుకు తీరు మారలేదని విసిగిపోయి, ఇగ నేను రాను అంటది. ఒక్కసారి దగ్గరికి తీస్కోమని వాడు అరుస్తుంటే వెనక్కి తిరగకుండ పోతది. గట్టి తల్లి. నేనైతే అట్ల పోలేను. తర్వాత పుట్టినరోజు రాత్రి అందరూ తిన్నంక, పటాకులు చూడనీకి పోతున్నం అంటే ఆమె అంటది, తాగి బండి నడపొద్దు, రైలుకు పోండ్రి అని.

ఆ మాట కాడ మావాడు నా దిక్కు చూసిండు. నేను తెర దిక్కే చూసిన.

ఆసుపత్రి సీన్లు నేను నర్సు కండ్లతోనే చూసిన. ఒక్క తప్పు దొరకలేదు. అరుపుల్లేవు, డాక్టరు కండ్లద్దాలు తీసి "సారీ" అనుడు లేదు. గుండు ఊపిరితిత్తిని చీల్చింది, రక్తం ఆగుతలేదు, ఇంకా రక్తం కావాలె. బయట తల్లి అందరి చేతులు పట్టుకొని ప్రార్థన చేస్తుంటది. ఆ ప్రార్థన నాకు తెలుసు. మా క్యాజువాలిటీ బయట ఒకరు దర్గా తాయెత్తు పట్టుకుంటరు, ఒకరు మన్యంకొండ స్వామికి మొక్కుతరు, ఒకరు ఏసయ్య అంటరు.

ప్రాణం పోయినంక ఆమె కొడుకును దగ్గరికి తీస్కుంట అంటది. హత్య కేసు, ముట్టుకోనియ్యం అంటరు. గాజు అవతల నుంచే చూడాలె. జైల్లో దగ్గరికి తీస్కోకుండ పోయిన తల్లికి ఇప్పుడు తీస్కునే హక్కు లేదు. సినిమా ఈ రెండు సీన్లను ఎక్కడా కలిపి చెప్పదు, మనమే కలుపుకుంటం. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్ననో లెక్క లేదు. "ఎమ్మెల్సీ అమ్మా, అంటే పోలీసు కేసు, పంచనామా, పోస్టుమార్టం అయ్యేదాక ముట్టుకోవద్దు." చెప్పి బీపీ మిషన్ తీస్కొని ఇంకో మంచం కాడికి పోతుంటి. అవతల నిలబడ్డామె ముఖం ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. రైలుకు పొమ్మని నేనే అన్న అని ఆమె ఏడుస్తుంటే, నేను లేచి వంటింట్లకు పోయి నీళ్లు తాగొచ్చిన.

ఇంకొక సంగతి కూడా చెప్పాలె, దాచుకుంటే ఈ సమీక్ష అబద్ధమైతది. 2019 డిసెంబర్ 6 పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపిన్రు. నలుగురూ మన పాలమూరు దిక్కు పిల్లలే. శవాలను మా ఊరి సర్కారు దవాఖానకే తెచ్చిన్రు. ఆ రోజు మా డ్యూటీ రూంలో మిఠాయి పంచిన్రు. నేను తిన్న. ఆడపిల్లను అట్ల చంపినోళ్లకు ఇదే కావాలె అని గట్టిగనే అన్న. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చిన్రని, పది మంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని, చనిపోయినోళ్లల్లో ముగ్గురు మైనర్లని రాసింది. పేపర్ల చదివి పక్కన పెట్టిన.

ఆస్కార్ కథ, ఆ కథ ఒకటే అని నేను అంటలేను. ఇతను ఎవరికీ ఏమీ చెయ్యలేదు. అక్కడ ఒక ఆడబిడ్డ ప్రాణం పోయింది, ఆమె తల్లిదండ్రుల దుఃఖం నేను మర్చిపోలేదు. కానీ ఓక్లాండ్‌లో రైలు నిండ సాక్షులున్నరు, ఫోన్లున్నయి. చటాన్‌పల్లి పొలాల్లో పొద్దుపొడవకముందు పోలీసులు తప్ప ఎవరున్నరు? ఆ నలుగురి తల్లులు కూడా ఏదో ఒక గాజు అవతల నిలబడే ఉంటరు. అప్పుడు నా నోట్లో మిఠాయి ఉన్నది. ఈ సినిమా చూసిన రాత్రి ఆ తీపి మళ్ళ నోట్లోకి వచ్చినట్టయింది, నిద్ర పట్టలేదు.

కోర్టు సంగతి సినిమాలో లేదు, చివర నాలుగు అక్షరాల్లో చెప్పి వదిలేసిన్రు. నాకు అది తక్కువైంది. కరెంటు షాకిచ్చే టేజర్ అనుకొని పొరపాటున తుపాకీ తీసిన అని ఆ పోలీసాయన చెప్పుకున్నడు. 2010లో జ్యూరీ హత్య అనలేదు, ఉద్దేశం లేకుండ ప్రాణం తీసిన నేరం అన్నది. రెండేండ్ల శిక్ష పడ్డది, ఏడాది నిండకముందే బయటికొచ్చిండు. దాని మీద ఇంకొక పావుగంట తీస్తే బాగుండు. 2019లో ఆ స్టేషన్ పక్క దారికి ఆస్కార్ పేరు పెట్టిన్రు, గోడ మీద పెద్ద బొమ్మ గీసిన్రు. దాని కోసం ఆ తల్లి ఏండ్లు కొట్లాడింది.

చూడాలె అనుకునేటోళ్లకు: పిల్లలతోని కూర్చొని చూసే సినిమా కాదు, బూతు మాటలు మస్తున్నయి. ఇంగ్లిష్ యాస నాకు సగం అర్థం కాలే, కింద అక్షరాలు పెట్టుకొని చూడండ్రి. నైట్ డ్యూటీ చేసొచ్చి మాత్రం చూడకుండ్రి. కుక్క సీను, కోర్టు సంగతి పక్కన పెడితే ఐదుకు ఐదే, వాటితో కలిపి నాలుగున్నర. వీలైతే ఈడొచ్చిన కొడుకు పక్కన ఉన్నప్పుడు చూడండ్రి.

అయిపోయినంక మావాడు ల్యాప్‌టాప్ మూసి, "అమ్మా, ఆమె చెప్పింది తప్పెట్లయితది?" అన్నడు. "తప్పు కాదు బిడ్డా" అన్న. ఇంకేం చెప్పాల్నో తెల్వలే. సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా కట్టిన. వాడు మళ్ళ రైలుకే పోయిండు. బండి తాళం బీరువాలనే ఉన్నది. ఫోన్ మాత్రం నిండుగ చార్జింగ్ పెట్టుకున్నవా అని రెండుసార్లు అడిగిన.