మెలోడ్రామా పుట్టుక మీద ఆడియో కోర్సు: మొదటి సగం కోసమైనా వినొచ్చు

మెలోడ్రామా ఎక్కడ ఎలా పుట్టిందో చెప్పే ఆన్‌లైన్ ఆడియో కోర్సు ఒకటి కొని పూర్తిగా విన్నాను. మొదటి సగానికి పెట్టిన డబ్బు దండగ కాలేదు, రెండో సగం మాత్రం ఎలాగోలా ముగించేద్దాం అన్నట్టుంది.

బాగున్న సంగతి ముందు చెప్తాను. ఏడుపులు, అరుపులు, అతి నటన అనే దగ్గర కాకుండా, సంగీతం దగ్గర మొదలుపెట్టారు. ఫ్రెంచి రచయిత రూసో రాసిన పిగ్మాలియన్ నాటకాన్ని 1770లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఆడినప్పుడు నటుడు మాట్లాడి ఆగేవాడు, ఆగిన చోట వాద్యాలు అందుకునేవి, మళ్ళీ మాట. పాట ఉండదు కాబట్టి ఒపేరా కాదు. 1775లో బెండా అనే సంగీతకర్త జర్మన్‌లో ఇదే పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు, మూడేళ్ళకి అది చూసి మొజార్ట్ ముచ్చటపడిపోయి తండ్రికి ఉత్తరం రాశాడు. ఇక్కడ కోర్సువాళ్ళు ఒక మంచి పని చేశారు: బెండా మెడియాలోంచి (భర్త మీద పగతో కన్నపిల్లల్నే చంపుకునే గ్రీకు పురాణపు తల్లి కథ) ఓ ముక్కని ఒక నటి చేత ముందు సంగీతం లేకుండా చదివించి, తర్వాత సంగీతంతో వినిపించారు. మొదటిసారి ఉత్త గొంతు చించుకోవడంలా ఉంది, రెండోసారి ఆవిడ నోరు తెరవకముందే ఏం తెగించబోతోందో వాద్యాలే చెప్పేస్తున్నాయి. ఈ పాఠం ఒక్కటీ రెండుసార్లు విన్నా.

తర్వాత పారిస్. థియేటర్ ఎవరైనా పెట్టుకోవచ్చని 1791లో చట్టం రావడం, కొత్త జనం హాళ్ళకి రావడం, 1800లో పిక్సెరెకూర్ అనే రచయిత రాసిన సెలినా నాటకం. అందులో ఫ్రాన్సిస్క్ మూగవాడు, అడిగినవాటికి సైగలతో, కాగితం మీద రాతతో జవాబిస్తాడు, చివరికి హీరోయిన్ కన్నతండ్రి ఆయనేనని తేలుతుంది. నిజం తెలిసినవాడికి నోరు లేదు, అబద్ధాలాడే విలన్‌కి మాత్రం మాటలకి కొదవలేదు! మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో చూడగానే తెలిసిపోయినా టెన్షన్ తగ్గకపోవడానికి కారణం ఈ అమరికే అని వివరించారు, నాకు సబబుగానే అనిపించింది.

లండన్ పాఠంతోనే నాకు పేచీ. 1737 చట్టం వల్ల మాటల నాటకాలు పేటెంట్ (అంటే రాజు ఇచ్చిన ప్రత్యేక అనుమతి) ఉన్న థియేటర్లకే పరిమితమయ్యాయని, చిన్న హాళ్ళు ఆ అడ్డు దాటడానికి సంగీతం జోడించుకున్నాయని, 1843 దాకా అలాగే నడిచిందని చెప్పారు. అంతవరకు కరెక్టే. కానీ ఇంగ్లండ్‌లో మెలోడ్రామా మొత్తం ఆ చట్టం పుణ్యమే అన్నట్టు తేల్చేశారు. సెలినాని హోల్‌క్రాఫ్ట్ అనే రచయిత ఇంగ్లీషులోకి తెచ్చి 1802లో ఆడించింది కోవెంట్ గార్డెన్‌లో, అది పేటెంట్ ఉన్న థియేటరే కదా! వాళ్ళకి సంగీతం అవసరం లేకపోయినా వాడారంటే జనానికి నచ్చే కదా వాడింది. ఈ ప్రశ్న కనీసం లేవనెత్తలేదు.

ఇక చివరి పాఠాలు. పందొమ్మిదో శతాబ్దం మిగతా భాగం, మూకీ సినిమా, టీవీ సీరియల్ అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశారు. మూకీ సినిమా పక్కన వాయిద్యం వాయించడానికీ ఫ్రాన్సిస్క్ సైగలకీ ఉన్న చుట్టరికం గురించి ఒక్క ముక్కయినా చెప్తారని ఎదురుచూశా, లేదు.

యాప్ సంగతి కూడా చెప్పాలి, మధ్యలో ఆపితే మళ్ళీ పాఠం మొదటికే వెళ్తుంది. సంగీతం వచ్చే చోట్ల గొంతు కంటే వాద్యాల సౌండే ఎక్కువ, ఇయర్‌ఫోన్స్ లేకుండా వినకండి. తగ్గింపు ఇచ్చినప్పుడు కొనుక్కోండి, పారిస్ పాఠాలు అయ్యాక ఆపేసినా పెద్దగా పోయేదేం లేదు.