స్టూడియో రికార్డా, రేడియో కచేరీయా, సభ టేపా: పోల్చి వినడానికి ఏది మేలు?

ఒకే తోడి రాగ కృతిని ముగ్గురు విద్వాంసుల గొంతుల్లో పక్కపక్కన పెట్టి వినాలనుకుంటే, ముందు ఆ మూడు రికార్డింగులూ ఎక్కడ పుట్టాయో చూసుకోవాలి. ఒకరిది స్టూడియోలో చేసిన ఎల్‌పీ (లాంగ్ ప్లే రికార్డు), ఇంకొకరిది మూడు గంటల సభ కచేరీ అయితే ఆ పోలిక మొదట్లోనే వంకర పోతుంది. బెజవాడ, గుంటూరు పాత శ్రోతల ఇళ్లలో బీరువా తెరిస్తే ఈ రెండు రకాలతో పాటు మూడోది కూడా కనిపిస్తుంది: ఆకాశవాణి కచేరీని టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేప్ రికార్డరు కలిసిన పెట్టెలో) పట్టుకున్న క్యాసెట్. పోల్చి వినడానికి మా ఓటు ఈ మూడోదానికే. కృతి పాఠం నేర్చుకోవాలంటే స్టూడియో రికార్డు, విద్వాంసుడి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే కల్పన, చూడాలంటే సభ టేపు.

స్టూడియో రికార్డుకు కాలమే పెద్ద అడ్డు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పది అంగుళాల గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అందులో పల్లవి, అనుపల్లవి, ఒక చరణం పట్టించాలంటే కాలప్రమాణం పెంచాలి, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) తగ్గించాలి. ఆ ప్లేట్లు విని ‘పాతవాళ్లు అంత వడిగా పాడేవారు’ అని తేల్చేసేవాళ్లున్నారు. ఆ వడి ప్లేటుది, బాణీది కాదు. ఎల్‌పీ వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా దొరికింది కాబట్టి రెండు నిమిషాల ఆలాపనకూ, నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) స్వరకల్పనకూ చోటు కుదిరింది. అయినా తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అరుదు, నెరవు (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పెంచి పాడటం) ఇంకా అరుదు. ఫిడేలు వెనక్కి జరిగి నీడలా ఉంటుంది. కానీ సాహిత్యం స్పష్టంగా వినిపించేది ఇక్కడే. పదం ఎక్కడ విరిచారు, ఏ సంగతి తర్వాత ఏది వేశారు అన్నది కాగితం మీద రాసుకోవాలంటే ఇంతకన్నా మంచి సాధనం లేదు. తెలుగు రాని గాయకులు పదాన్ని తప్పుచోట విరిస్తే మన చెవి ఊరుకోదు కదా, ఆ తగవులకు సాక్ష్యం కూడా స్టూడియో రికార్డే.

ప్లేటు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. టర్న్‌టేబుల్ తీగను ఫోనో ప్రీయాంప్ (ప్లేటు ధ్వనిని సరిచేసి పెంచే పెట్టె) లేకుండా నేరుగా లైన్-ఇన్‌లో గుచ్చితే ధ్వని రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా ఉంటుంది. మంద్రం (కింది స్వరాలు) మాయమవుతుంది, మృదంగం తొప్పి (ఎడమ వైపు మోత) వినిపించదు. రెండోది సూది. 78 ప్లేటు గాడి వెడల్పు ఎక్కువ. ఎల్‌పీ సూదితో వాయిస్తే అది గాడి అడుక్కు జారి గరగర రెట్టింపవుతుంది. 78 సూదితో ఎల్‌పీ వాయిస్తే గాడే పాడవుతుంది.

ఇక రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, ఫిడేలుకు అన్నవరపు రామస్వామి, అందరూ ఒకప్పుడు ఆ కేంద్రంలో పనిచేసినవారే. వోలేటి గానం కంపెనీ రికార్డుల్లో కన్నా రేడియో రికార్డింగుల్లోనే ఎక్కువ దొరుకుతుంది. కాబట్టి ఆయన్ని ఎవరితో పోల్చాలన్నా రేడియోకే రావాలి.

రేడియో రికార్డింగు పోలికకు ఎందుకు నప్పుతుందంటే అక్కడ షరతులు అందరికీ దాదాపు ఒకటే. అరగంట అంటే అరగంట. శబ్దం లోపలికి రాని గది, అలవాటైన మైకులు, పక్కవాద్యాలకు సరిపడా చోటు. 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమంలోనైతే తీరిగ్గా రాగం, తానం, పల్లవి పాడే వ్యవధి కూడా ఉండేది. ఆలాపన ఎంత, నెరవు ఎంత అన్న పంపకంలో ఒక్కొక్కరి తూకం ఎలాంటిదో అప్పుడు తెలుస్తుంది. పైగా రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు అనౌన్సరే చెబుతారు. పేరు రాయని క్యాసెట్ల మధ్య ఇది చిన్న వరం కాదు.

అయితే ఆకాశవాణి భాండారం నుంచి సీడీగా వచ్చిన రికార్డింగు వేరు, ఇంట్లో మీడియం వేవ్ నుంచి పట్టినది వేరు. మీడియం వేవ్‌లో సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. తంబురా జీవారి (తీగల ఝుమ్మనే నాదం), మృదంగం చాపు (కుడి వైపు దెబ్బ) పదును అక్కడే పోతాయి. రాత్రిపూట దూరపు స్టేషన్లు మీదికి వచ్చి సన్నటి ఈల వేస్తాయి, ధ్వని ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అలాంటి టేపు విని ‘ఈయన గొంతు మొద్దుబారింది’ అనడం అన్యాయం. నాదం గురించి మాట్లాడాలంటే భాండారం ప్రతి కావాలి. పాఠాంతరం (కృతి పాడే పాఠంలో తేడా) గురించో, లయ గురించో అయితే ఇంటి టేపు చాలు.

సభ టేపు దగ్గరికి వస్తే మాట మారుతుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలాంటి పెద్ద హాల్లో జనం ఎదురుగా ఉన్నప్పుడు విద్వాంసుడు వేసే కల్పన స్టూడియోలో పుట్టదు. ఒక్క పంక్తి పట్టుకుని పదిహేను నిమిషాల నెరవు వినాలంటే ఇదొక్కటే దారి. కానీ ధ్వని సంగతి అదృష్టం. యాంప్లిఫయర్ నుంచి లైన్ తీసుకుని రికార్డు చేస్తే గాత్రం ముందుకొస్తుంది, హాల్లో మైకు అవసరం అంతగా లేని మృదంగం చిన్నబోతుంది. ముందు వరసలో టేప్ రికార్డరు పెట్టి పట్టినదైతే దగ్గులు, చప్పట్లు, ఫ్యాను హోరు అన్నీ కచేరీలో భాగమే. చిన్న రికార్డర్లలో ధ్వని మట్టాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు ఉంటుంది. అది మెల్లగా పాడే ఆలాపనను పైకి లేపుతుంది, మృదంగం గట్టిగా మోగగానే గొంతును అణిచేస్తుంది. గాయకుడు గొంతు పెంచాడా తగ్గించాడా అన్నది ఆ టేపు నుంచి ఎప్పటికీ తేల్చలేం. సీ-90 క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలకు అయిపోతుంది కాబట్టి తిప్పే లోపు అనుపల్లవి ఎగిరిపోవడం మామూలే.

అన్నిటికన్నా పెద్ద మోసం శ్రుతిలో జరుగుతుంది. టేపు వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది: గాయకులు లెక్కించే శ్రుతి మెట్లలో ఒకటి ఒకటిన్నర అవుతుంది. దానితో పాటు కాలం వడెక్కుతుంది, గొంతు సన్నబడుతుంది. అదే టేపు విని ఒకరు ‘వయసులో ఉన్నప్పటి గొంతు’ అని మురిసిపోతారు. అందుకే ఏ ఇద్దరినీ పోల్చేముందు శ్రుతి చూడాలి. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి తంబురా షడ్జం (స) ఎక్కడుందో కొలవాలి. ఆ గాయకుడు ఆ కాలంలో ఒకటో శ్రుతిలో పాడేవారని ఖాయంగా తెలిసి, టేపు మాత్రం ఒకటికీ ఒకటిన్నరకూ సరిగ్గా మధ్యలో చూపిస్తే వేగాన్ని సుమారు 2.8 శాతం తగ్గించాలి. ఆడాసిటీ (ధ్వని దిద్దే కంప్యూటర్ ప్రోగ్రాం)లో వేగమూ శ్రుతీ కలిసి మారే ఆప్షన్ వాడాలి. శ్రుతి ఒక్కటే మార్చేది వాడితే కాలప్రమాణం తప్పుగానే ఉండిపోతుంది. తంబురాను మెట్ల మధ్యన కూడా శ్రుతి చేయొచ్చు కనుక యాప్ ఒక్కదాన్నే నమ్మకూడదు. కరెంటు హమ్ (కరెంటు వల్ల టేపులో పడే సన్నటి మోత) ఇంకో సాక్షి. మన కరెంటు 50 హెర్ట్జ్. టేపులో పడిన హమ్ 53 దగ్గర కనిపిస్తే అది దాదాపు 6 శాతం వడిగా నడుస్తున్నట్టు. సరిగ్గా 50 దగ్గరే ఉంటే మాత్రం అది ఇప్పుడు వాయిస్తున్న డెక్కు చేరుస్తున్న హమ్ కావచ్చు. అది సాక్ష్యం కింద చెల్లదు.

బ్యాటరీ మీద నడిచిన రికార్డరైతే మరో తిరకాసు. బ్యాటరీ నీరసించే కొద్దీ టేపు మెల్లగా తిరుగుతూ రికార్డు చేస్తుంది. తర్వాత మామూలు వేగంతో వాయిస్తే కచేరీ చివరికి శ్రుతి పైకి పాకుతుంది, మంగళానికి అర మెట్టు దాకా ఎక్కి ఉంటుంది. అలాంటిదాన్ని ఒకే అంకెతో సరిచేయలేం, పాట పాటకీ విడగొట్టి దిద్దాలి.

క్యాసెట్ ఎక్కించేటప్పుడు ధ్వని మూసుకుపోయినట్టుంటే టేపును చదివే హెడ్ వాలు సరిగా లేదన్నమాట. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను మోనోలో వింటూ కొద్ది కొద్దిగా తిప్పితే ఒకచోట తంబురా తళుక్కుమంటుంది. అక్కడ ఆపాలి. క్యాసెట్ లోపల టేపును హెడ్‌కు ఒత్తిపెట్టే ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటే ధ్వని వచ్చి పోతూ ఉంటుంది. రీళ్లను స్క్రూలున్న వేరే డబ్బాలోకి మార్చుకోవాలి. కృష్ణా తీరపు తేమకు బూజు పట్టిన టేపును మాత్రం తుడవకుండా డెక్కులో పెట్టొద్దు, హెడ్ కూడా పాడవుతుంది. హోరు తీసేసే ఫిల్టర్ల విషయంలో చేయి బిగబట్టుకోండి. ఎక్కువ వాడితే తంబురా చచ్చిపోయి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. దిద్దని ప్రతి ఒకటి ఎప్పుడూ విడిగా ఉంచాలి.

పంచుకోవడానికి: 90 నిమిషాల క్యాసెట్ సీడీ నాణ్యతలో, స్టీరియోలో 950 ఎంబీ దాకా అవుతుంది. మోనో టేపును మోనోలోనే ఎక్కించి ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలుగా) మారిస్తే దానిలో నాలుగో వంతుకు అటూ ఇటూ. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 90 ఎంబీ లోపే, కానీ జీవారి మీద చర్చకు అది పనికిరాదు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజ్‌గా మళ్లీ రికార్డు చేసి పంపినది ఏ పోలికకూ అక్కరకు రాదు. హక్కుల సంగతీ ఉంది. మన చట్టం ప్రకారం 1960లో విడుదలైన రికార్డు మీద హక్కు 2020 చివరితో తీరిపోయింది, 60 ఏళ్ల లెక్క. ఎన్నడూ విడుదల కాని సభ టేపును బయట పెట్టాలంటే విద్వాంసుడినో, వారి కుటుంబాన్నో అడగడం ధర్మం.

కూర్చుని వినేటప్పుడు మూడు ప్రతుల ధ్వనినీ ఒకే మట్టానికి తేవాలి. గట్టిగా మోగేదే బాగుందనిపించడం చెవి బలహీనత. పేరు చెప్పకుండా వినిపించే పద్ధతి గాయకుల విషయంలో నవ్వులాట, రెండు సంగతులకే ఎవరో గుర్తుపట్టేస్తారు. ఒకే కచేరీకి రెండు ప్రతులున్నప్పుడు మాత్రం అది బాగా పనిచేస్తుంది. ముందు మూడింటి పల్లవి సంగతులు, తర్వాత మూడింటి నెరవు, ఆపై స్వరాలు, ఇలా వరసలో వింటే రెండు గంటల్లో ఒక్క కృతి తేలుతుంది, మహా అయితే రెండు. బెజవాడలో ఈ పని మే నెలలో పెట్టుకోకండి. ఫ్యాను ఆపితే మనుషులుండరు, ఆపకపోతే తంబురా ఉండదు.